అండమానా, లక్షద్వీపా? నేలనూ నీళ్లనూ చూసి తేల్చుకోవలసిన ఎంపిక

1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, సముద్రం మధ్యనున్న రెండు దీవుల సముదాయాలు కేంద్రపాలిత ప్రాంతాలయ్యాయి. ఒకటి బంగాళాఖాతంలోని అండమాన్ నికోబార్. రెండోది అరేబియా సముద్రంలోని లక్షద్వీప్. దానికి ఈ పేరు 1973లో వచ్చింది. ఈ రెండింటిలో ఏదో ఒకచోటికి వెళ్లాలనుకునేవారు సాధారణంగా ఫోటోలు పక్కపక్కన పెట్టుకొని, ఇసుక ఎక్కడ తెల్లగా ఉంది, నీరు ఎక్కడ నీలంగా ఉంది అని చూస్తారు. రెండు చోట్లా ఇసుక తెల్లగానే, నీరు నీలంగానే ఉంటాయి కనుక ఆ చూపుతో ఎంపిక తేలదు. తేడా అంతా ఆ ఇసుక అడుగున ఉంది. ఒకచోట అడుగున ఉన్నది సముద్రంలో మునిగిన పర్వతం, మరోచోట ఉన్నది పగడం. మంచినీళ్లు ఎంత దొరుకుతాయి, బయటివారికి ఎంత చోటు ఉంటుంది, పాలన ఎలా సాగుతుంది, జనం దేని మీద బతుకుతారు అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. అందువల్ల విహారయాత్రకు వెళ్లే కుటుంబానికైనా, బదిలీ మీద వెళ్లే ఉద్యోగికైనా, వ్యాపారం తలపెట్టినవారికైనా నా సలహా నేల దగ్గరే మొదలవుతుంది.

పర్వతం ఒకటి, పగడం ఒకటి

మయన్మార్‌లోని అరకాన్ యోమా పర్వత శ్రేణి దక్షిణంగా సముద్రంలోకి దిగి, నీటి అడుగున సాగుతూ, అక్కడక్కడా తలెత్తిన చోట్ల అండమాన్ నికోబార్ దీవులు ఏర్పడ్డాయి. వాటి మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు, అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా అడవి. ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్ ఎత్తు 732 మీటర్లు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడపడం వల్ల ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అండమాన్ దీవులకూ నికోబార్ దీవులకూ మధ్య దాదాపు 150 కిలోమీటర్ల వెడల్పున టెన్ డిగ్రీ చానల్ ఉంది. ఇది భూకంపాల నేల కూడా. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపానికి దేశపు దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయి, గట్టు మీద ఉండే అక్కడి దీపస్తంభం నీళ్లలో నిలబడవలసి వచ్చింది.

లక్షద్వీప్‌లో కొండ లేదు, ఏరు లేదు, అడవి అనదగినది లేదు. సముద్ర గర్భంలోని పాత అగ్నిపర్వతాల వరుస మీద పగడం పెరిగి, ఆ పగడం అలల తాకిడికి పొడై ఇసుకగా పోగుపడి, ఆ ఇసుకలో కొబ్బరి మొలిచి దీవులయ్యాయి. లెక్కకు 36 దీవులు చెబుతారు గానీ వాటిలో పరాలి అనే ఒకటి ఇప్పటికే కోతకు గురై సముద్రంలో కలిసిపోయింది. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు, అంటే 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్ఎంసీ పరిధిలో సుమారు ఇరవయ్యో వంతు. అందులో జనావాసం ఉన్నవి 10 దీవులే. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 64,473 మంది ఉన్నారు, కాబట్టి చదరపు కిలోమీటరుకు రెండు వేల మందికి పైగా పడతారు. అండమాన్ నికోబార్‌లో అదే లెక్కన 46 మందే. లక్షద్వీప్‌కు నేలలో దక్కనిది నీటిలో దక్కింది. చాలా దీవులకు పడమటి వైపున పగడపు గట్టు కాపలాలో నిశ్చలంగా ఉండే మడుగులున్నాయి. ఆ మడుగుల విస్తీర్ణమే దాదాపు 4,200 చదరపు కిలోమీటర్లు.

ఎంపికలో అందరూ దాటవేసే మంచినీళ్ల సంగతి నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. పగడపు ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటికంటే తేలిక కనుక దాని మీద పలుచని పొరగా తేలి ఉంటుంది. లక్షద్వీప్‌లో ఇంటింటి బావిలోనూ కనిపించేది ఆ పొరే. మోటారు పెట్టి ఆపకుండా తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. మరుగుదొడ్డి గుంత బావికి దగ్గరగా ఉంటే మురుగు కూడా అదే పొరలో కలుస్తుంది. కోనసీమలో బోరు మరికొంత లోతుకు దించి ఉప్పు తగిలించుకున్న రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ కొరత తీర్చడానికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల మంచినీరు ఇచ్చే కేంద్రాన్ని నెలకొల్పింది. వెచ్చగా ఉండే పైనీటిని గాలి పీడనం తగ్గించిన గదిలోకి పంపి ఆవిరి చేస్తారు. సుమారు 350 మీటర్ల లోతు నుంచి పెద్ద గొట్టంతో తోడిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లార్చి మంచినీరుగా పట్టుకుంటారు. తర్వాత మినికాయ్‌లోనూ అగత్తిలోనూ అలాంటివి వచ్చాయి. హోటల్ గదిలో షవర్ కింద అరగంట నిలబడే అలవాటున్నవారు, తమ ముందు ఒలికిపోతున్నది ఇంత కష్టం మీద వచ్చిన నీరని తెలుసుకొని వెళ్లాలి.

అండమాన్‌లో నీటి బాధ అసలు లేదని కాదు. పోర్ట్ బ్లెయిర్‌కు ధనిఖారి జలాశయమే ప్రధాన ఆధారం, వేసవి ముదిరితే కుళాయి నీరు రోజు విడిచి రోజు వచ్చే సందర్భాలూ ఉన్నాయి. అయినా అక్కడ వాన ఉంది, వాగులున్నాయి, కట్ట కట్టి నిలుపుకోగల లోయలున్నాయి. మనుషుల్ని భరించే శక్తిలో ఈ రెండింటికీ పోలిక లేదు.

దారి, అనుమతి, పొద్దు

తెలుగువారికి అండమాన్ దారి సులువు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది. ఓపికా తీరికా ఉన్నవారికి విశాఖపట్నం రేవు నుంచి ఓడ ఉంది గానీ, అది నెలకు ఒకటి రెండు సార్లకు మించి ఉండదు, ప్రయాణానికి రెండు పగళ్లూ రెండు రాత్రుళ్లూ దాటుతాయి. రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద, బోర్డుల మీద రెండు పేర్లూ కనిపిస్తుంటాయి కనుక తికమకపడవద్దు. అలాగే హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. ఈ ప్రధాన పర్యాటక దీవులకు భారతీయులు ముందస్తు అనుమతి తీసుకోవలసిన పని లేదు. గిరిజన రిజర్వు ప్రాంతాల నియమం వేరు. నికోబార్ దీవులు సాధారణ పర్యాటకులకు తెరిచి లేవు. బారాటాంగ్ వైపు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జరావాలనే ఆదిమ తెగ ఉండే అడవి గుండా పోతుంది కాబట్టి వాహనాలను పోలీసు రక్షణతో గుంపుగా పంపుతారు. దారిలో ఆగడం, ఫోటో తీయడం, ఏదైనా ఇవ్వడం నేరం. ఉత్తర సెంటినెల్ దీవికి ఐదు నాటికల్ మైళ్ల లోపలికి ఎవరూ వెళ్లరాదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ఈ కట్టుబాట్లకు పునాది. జరావాలను చూపిస్తామని ఆశపెట్టే ఏజెంటు ఎదురైతే, ఆ ఒక్క కారణం చాలు, అతని దగ్గర టికెట్ కొనకుండా వెనక్కి రావడానికి.

లక్షద్వీప్‌కు కొచ్చి ద్వారం. అక్కడి నుంచి దీవులు 220 నుంచి 440 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఓడలో 14 నుంచి 20 గంటలు పడుతుంది. విమానాశ్రయం ఒక్క అగత్తిలోనే ఉంది. దీవి దక్షిణాన సన్నగా సాగిన కొసమీద, రెండు పక్కలా సముద్రం ఉన్న చిన్న రన్‌వే అది, దాని మీద ఏటీఆర్ తరహా చిన్న విమానాలే దిగుతాయి. దీవివాసి కాని ప్రతి భారతీయుడికీ ప్రవేశ అనుమతి కావాలి. ఇది 1967 నాటి నియమాల నుంచి వస్తున్న పద్ధతి. ప్రభుత్వ పర్యాటక సంస్థ నడిపే ‘సముద్రం’ ప్యాకేజీలో పర్యాటకులు ఓడనే వసతిగా చేసుకొని, పగళ్లు కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూసి, రాత్రులు ఓడలోనే పడుకుంటారు. దీవుల మంచినీటి మీద భారం తగ్గించే ఈ ఏర్పాటు నాకు ఎంతో సబబుగా తోస్తుంది. మద్యం ‘బంగారం’ అనే దీవిలో తప్ప ఎక్కడా లేదు. ఊళ్లున్న దీవుల్లో ఒంటి నిండా దుస్తులు వేసుకొని తిరగడం మర్యాద, ఎందుకంటే పర్యాటకులు నడిచే ఆ ఇసుక దారులు ఎవరో ఒకరి ఇంటి ముంగిళ్లే.

రెండు చోట్లా అక్టోబరు నుంచి మే మధ్య వరకు వెళ్లదగిన కాలం. నైరుతి రుతుపవనాలు మొదలయ్యాక లక్షద్వీప్‌లో పడవల రాకపోకలు బాగా తగ్గిపోతాయి కాబట్టి, జూన్ నుంచి సెప్టెంబరు వరకు దాని ఊసే ఎత్తవద్దని నా సలహా.

పొద్దు విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోజు ప్రణాళికంతా దాని మీదే ఉంటుంది. మన గడియారాలన్నీ కాకినాడ దరిదాపుల నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున, లక్షద్వీప్ పది డిగ్రీలు పడమట ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అండమాన్‌లో పొద్దు నలభై నిమిషాలు ముందు, లక్షద్వీప్‌లో నలభై నిమిషాలు వెనుక నడుస్తుంది. డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం ఐదింటికే సూర్యుడు మునుగుతాడు, కవరత్తిలో ఆరు దాటాక గాని మునగడు. అండమాన్‌లో తెల్లవారుజామునే బయల్దేరి మధ్యాహ్నానికి ముఖ్యమైనవి చూసేయాలి. లక్షద్వీప్‌లో సాయంత్రం మడుగులో ఈదడానికి కావలసినంత వెలుతురు ఉంటుంది.

పాలన

రెండింటికీ శాసనసభ లేదు, రాజ్యసభలో స్థానం లేదు, లోక్‌సభకు చెరొక సభ్యుడు. రాజ్యాంగంలోని 240వ అధికరణం కింద రాష్ట్రపతి చేసే నిబంధనలే స్థానిక చట్టాలుగా పనిచేస్తాయి. అండమాన్ నికోబార్‌ను లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. దక్షిణ అండమాన్, ఉత్తర మధ్య అండమాన్, నికోబార్ అనే మూడు జిల్లాలున్నాయి. కలకత్తా హైకోర్టు అక్కడ సర్క్యూట్ బెంచి నడుపుతుంది. 2001 నుంచి త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ కూడా అక్కడే ఉంది. లక్షద్వీప్ ఒకే జిల్లా. పైన ఉండేది అడ్మినిస్ట్రేటర్, న్యాయ విచారణ కేరళ హైకోర్టుది.

కాగితం మీద ఇంత దగ్గరగా ఉన్న ఈ రెండు పాలనలు జనంలోకి వచ్చేసరికి వేరవుతాయి. అండమాన్ సమాజం ఆదిమ తెగల పక్కన ఖైదీలు, శరణార్థులు, సైనికులు, బతుకుతెరువుకు వచ్చినవారు కలిసి ఏర్పడినది. ఒకే గొంతు అక్కడ ఉండదు. లక్షద్వీప్‌లో నూటికి తొంభై మందికి పైగా షెడ్యూల్డ్ తెగలవారు, దాదాపు అంతా ముస్లింలు, ఆస్తి తల్లి వైపు నుంచి సంక్రమించే ఆనవాయితీ ఉన్నవారు. మినికాయ్‌లో మాల్దీవుల భాషకు దగ్గరైన మహల్, మిగతా దీవుల్లో మలయాళపు ఒక యాస మాట్లాడతారు. అంత చిన్న నియోజకవర్గంలో ఓటు బరువు ఎంతో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు: 1967 నుంచి వరుసగా పది సార్లు గెలిచిన పి.ఎం. సయీద్ 2004లో 71 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2021లో అభివృద్ధి ప్రాధికార సంస్థ పేరిట ముసాయిదా నిబంధన వచ్చినప్పుడు దీవులన్నీ ఒక్కటై వ్యతిరేకించడానికి కారణం కూడా నేలే. ఒక మనిషికి ఉన్నదే కొద్దిపాటి కొబ్బరి తోట అయినప్పుడు, దాన్ని ప్రణాళిక పేరుతో ఎవరో తీసుకోవచ్చన్న మాట అతనికి బతుకు మీది మాట అవుతుంది.

జీవనాధారం

అండమాన్‌లో ప్రభుత్వమే అతిపెద్ద యజమాని. తర్వాత పర్యాటకం, చేపల వేట, కొబ్బరి, వక్క. ఒకప్పుడు కలప ప్రధాన ఆదాయం. 1883లో మొదలైన చాథమ్ కోత మిల్లు నేటికీ ఉంది గానీ, 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో చెట్ల నరికివేతకు కళ్లెం పడింది. ఇప్పుడు అందరి చూపూ గ్రేట్ నికోబార్ మీద ఉంది. గలాథియా అఖాతంలో కంటైనర్ల రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం కలిపిన ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. దానికి సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి పోవాలి. ఆ తీరం లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు, ఆ దీవి షోంపెన్ తెగ నివాసం. మలక్కా జలసంధి దారికి దగ్గరగా ఉండటం దేశానికి లాభమే అయినా, ఆ లాభం కోసం తిరిగి రాని అడవిని ఇవ్వడం నా మనసుకు ఎక్కడం లేదు.

లక్షద్వీప్‌కు ట్యూనా, కొబ్బరి, పీచు ఆధారాలు. అక్కడి ట్యూనా వేట దగ్గరగా చూడదగినది. తెల్లవారగానే మడుగులో సన్నని వలతో చిన్న చేపల్ని ప్రాణాలతో పట్టి, పడవలోనే నీరు నింపిన తొట్టిలో ఉంచుతారు. బయటి సముద్రంలో ట్యూనా గుంపు కనిపించగానే ఆ చిన్న చేపల్ని గుప్పిళ్లతో విసురుతూ, పడవ వెనుక నీళ్లు చిమ్ముతారు. ఎర దొరికిందన్న ఆత్రంతో గుంపు పైకి లేస్తుంది. వెనుక అంచున వరుసగా నిలబడినవారు వెదురు గడలు ఆడించి ఒక్కొక్క చేపనూ గాలిలోకి లేపి పడవలో పడేస్తారు. కొక్కేనికి ముల్లు ఉండదు కాబట్టి చేప తనంతట తానే జారి పడుతుంది. దొరికినదాన్ని ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండలో చెక్కలా గట్టిపడేదాకా ఎండబెడితే ‘మాస్’ అవుతుంది. పెద్ద వలలతో సముద్రాన్ని ఊడ్చే పద్ధతి కాదు కనుక ఈ వేట తరాలుగా నిలిచింది. మడుగులోని పగడం బతికి ఉంటేనే ఎర చేప ఉంటుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి పగడం తెల్లబారి చచ్చిపోయినప్పుడు దెబ్బ తిన్నది పర్యాటకుల కనువిందు ఒక్కటే కాదు.

ఎవరికి ఏది

మొదటిసారి సముద్రం దాటుతున్న కుటుంబానికి, వెంట పెద్దవాళ్లూ పసిపిల్లలూ ఉన్నవారికి అండమాన్ చెబుతాను. రకరకాల ధరల్లో గదులున్నాయి, వైద్య కళాశాలతో కూడిన పెద్ద ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది, సెల్యులార్ జైలు నుంచి బారాటాంగ్ సున్నపురాతి గుహల దాకా చూడదగినవి వారానికి సరిపోతాయి. లక్షద్వీప్‌లో రోగం ముదిరితే హెలికాప్టర్‌లో కొచ్చికి తరలించవలసి రావచ్చు. గుండె జబ్బు ఉన్నవారు ఈ ఒక్క విషయం మీదే నిర్ణయం తీసుకోవడం మంచిది. అండమాన్ తీరాల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి, హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగవద్దు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు స్వగ్రామ ఎల్‌టీసీని (సెలవు ప్రయాణ రాయితీని) మార్చుకొని అండమాన్‌కు వెళ్లే సడలింపును కొన్నేళ్లుగా పొడిగిస్తూ వస్తున్నారు. టికెట్ కొనేముందు తాజా ఉత్తర్వు చూసుకోవాలి.

ఈత వచ్చి, పగడాలూ చేపలూ చూడటమే కోరికగా ఉన్నవారికి, నాలుగైదు రోజులు దుకాణాలూ హడావుడీ లేకపోయినా ఫర్వాలేదనుకునేవారికి లక్షద్వీప్ సాటిలేనిది. అటువంటివారు అండమాన్‌కు వెళ్లి స్వరాజ్ ద్వీప్ రద్దీలో నిరాశపడటం కంటే, నెల రోజులు ఆగి అనుమతి తెచ్చుకోవడం మేలు.

ఉద్యోగం, నివాసం, వ్యాపారం విషయంలో నాకు సందేహమే లేదు, అండమానే. లక్షద్వీప్‌లో బయటివారు భూమి కొనే వీలు లేదు, ఉండకూడదు కూడా. 32 చదరపు కిలోమీటర్లు పంచుకోవడానికి కాదు. అండమాన్‌లో కూడా 1966 నాటి భూ రెవెన్యూ నిబంధన ప్రకారం నేల మీద అంతిమ హక్కు కేంద్ర ప్రభుత్వానిది కనుక, స్థలం అమ్ముతామన్నవారి కాగితాలు తహసీల్దారు కార్యాలయంలో చూపించుకోకుండా బయానా ఇవ్వవద్దు. ఇంటర్నెట్ మీద ఆధారపడిన పని చేసేవారికి 2020 ఆగస్టులో చెన్నై నుంచి వచ్చిన సముద్రగర్భ కేబుల్ దారి తెరిచింది. కొచ్చి నుంచి లక్షద్వీప్‌కు అలాంటిదే 2024 జనవరిలో ప్రారంభమైంది.

అండమాన్‌లో తెలుగువాడికి పరాయితనం కూడా తక్కువ. 2011 లెక్కల్లో అక్కడ నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ చేపల రేవులో ఉత్తరాంధ్ర యాస వినబడుతుంది. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర ఇక్కడే శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. అందరినీ కలిపే భాష మాత్రం హిందీయే కాబట్టి, బదిలీ మీద వెళ్లేవారు పిల్లలకు కొంత హిందీ నేర్పుకొని వెళ్లడం మంచిది.

లక్షద్వీప్ అనుకున్నవారు పనులు ఈ వరుసలో చేసుకోవాలి: ముందు అనుమతి, తర్వాత ఓడ లేదా అగత్తి విమానం, ఆ తర్వాతే కొచ్చి ప్రయాణం. సికింద్రాబాద్ నుంచి గుంటూరు మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళంలో ఆగుతుంది. రైలు దిగిన రోజే ఓడ ఎక్కేలా పెట్టుకోకుండా ఒక రోజు అటు, వాతావరణం బాగాలేక ఓడ ఆలస్యమైతే పనికివచ్చేలా ఒక రోజు ఇటు ఖాళీ ఉంచుకోవాలి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ సీసాలనూ కవర్లనూ సంచిలో వేసుకొని కొచ్చికి తిరిగి తెచ్చేయాలి, ఆ దీవుల్లో చెత్త పూడ్చడానికి గుంత తవ్వితే తగిలేది బావుల్లోని ఆ నీటి పొరే.